ఎలుకలకి తగ్గింది

ముందే ఒప్పేసుకుంటే దెబ్బలు తక్కువ పడతాయంటారు కాబట్టి చెప్పేస్తున్నాను. తప్పు నాదే. పోయింది ఒకే ఒక్క మాట. ఆ మాట "ఎలుకలకి".

మా భవనంలో మెట్లు తిరిగేచోట గోడకి ఒక అట్ట కొట్టి ఉంటుంది. వారానికోసారి దాని మీద నేనొక కాగితం అంటిస్తాను. 'మెట్ల పత్రిక' అని నేనే పేరు పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. రెండో అంతస్తు గొడుగు నాలుగో అంతస్తులో ఎలా తేలింది, నీళ్ళ మోటారు కట్టేయడం ఎవరు మర్చిపోయారు, ఇలాంటి దేశాన్ని కుదిపేసే వార్తలుంటాయి అందులో. బడి నాకు పెద్దగా ఏం నేర్పలేదు, నేనూ దాన్ని బలవంతపెట్టలేదు. వచ్చిన నాలుగక్షరాలూ ఆ గోడ మీద దిద్దుకున్నవే. ఒక వారం సరుకు దొరక్క, మా అత్త భోజనాల దగ్గర అన్న మాట పట్టుకుని పెద్దక్షరాలతో రాశాను: "మన ఆకుల డాక్టరమ్మ ఆకుతో షుగర్ తగ్గింది!!" అత్త అన్నది "ఎలుకలకి షుగర్ తగ్గింది రా" అని. కాగితం వెడల్పు చాల్లేదు. పక్కనే గంతులేస్తున్న ఎలుక బొమ్మ వేశాను కదా, మళ్ళీ ఎలుక అని రాయడం దేనికని ఆ మాట లేపేశాను. మామయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఆ కాగితం చదివి, "ఆశ్చర్యార్థకం ఒకటి చాలు" అని రెండోది కొట్టేసి వెళ్ళాడు.

బొమ్మని ఎవరూ చదవరని నాకు అప్పటికి తెలీదు. నా గొడవ ఇంతే. మిగతా కథ అత్తది.

అత్త అంటే మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మూడో అంతస్తులో కాపురం. పేరుకి ముందు డాక్టర్ అని ఉంటుంది గానీ, ఎవరైనా నాడి చూడమని చెయ్యి చాపితే "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని చెయ్యి జాగ్రత్తగా వెనక్కిచ్చేస్తుంది. ఆమె పని ఆకులతో, ఎలుకలతో. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తుంటారు చూడండి, అత్త ఇరవై ఏళ్ళుగా ఎలుకను పట్టుకుని కొండను తవ్వుతోంది.

ఆమె పనిచేసేది ఒక పాత కాలేజీలో చివరి మూడు గదుల్లో. మొదటి గదిలో ఆకులు నీడన ఆరుతుంటాయి. వల బిగించిన చట్రాల మీద పరిచి, ఒక్కో చట్రానికి తేదీ వేసిన చీటీ కడతారు. రెండో గదిలో ఆ ఆకుని పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, స్పిరిట్‌ని ఆవిరి చేసేస్తారు. సీసా అడుగున ముదురాకుపచ్చ జిగురు మిగులుతుంది. "రెండు కిలోల ఆకు, మూడు వారాల చాకిరీ, చివరికి నాలుగు చెంచాల జిగురు" అంటూ అత్త సీసాని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తుంది, కొత్త గాజులు చూసుకున్నట్టు. మూడో గది ఎలుకలది. అందులోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పి, తలుపు చప్పుడు కాకుండా నెడుతుంది. చప్పుడైతే వాటికి భయం, భయం వేస్తే షుగర్ పెరుగుతుంది, పెరిగితే లెక్క తప్పుతుంది. అందుకని. కానీ తోక చివర చుక్క రక్తం తీసేటప్పుడు ప్రతి ఎలుకనీ "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అని బుజ్జగిస్తుంది కదా, అది ఏ లెక్క కిందికి వస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

ఆ గదుల్లోకి ఆమె మొదట అడుగుపెట్టింది సీసాలు కడిగే ఉద్యోగానికి. పెళ్ళయింది, చదువు మధ్యలో ఆగింది, సీసాలు కడుగుతూనే మళ్ళీ పరీక్షలు కట్టింది. పెద్ద డిగ్రీ చేతికొచ్చేసరికి నలభై దాటింది. ఆకుల పిచ్చి మాత్రం ఇంట్లోనే పట్టుకుంది. వాళ్ళ అత్తగారికి షుగర్. ఆవిడ ఎవరేం చెబితే ఆ ఆకు పొడి గుప్పెళ్ళకొద్దీ మింగేది. "ఆకే కదా, చేస్తే మంచి చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది" అనేది. ఆవిడతో వాదించి వాదించి అలిసిపోయిన కోడలు, ఆకు అబద్ధమని తేల్చి పారేద్దామని మొదలెట్టింది. అత్తగారు పోయి చాలా కాలమైంది. వాదన మిగిలింది. ఆకు పూర్తిగా అబద్ధమనీ తేలలేదు, పూర్తిగా నిజమనీ తేలలేదు. "తేలిపోతే ఎప్పుడో మానేసేదాన్ని రా" అంటుంది అత్త.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది పొడపత్రి. అదొక తీగ. ఆకు నమిలి, వెంటనే చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటే తీపి తెలీదు, ఇసుక నమిలినట్టుంటుంది. కాసేపట్లో నాలుక మళ్ళీ మామూలైపోతుంది. ఆకు కట్ట వచ్చిన ప్రతిసారీ అత్త ముందు ఒకటి నమిలి, పంచదారతో పరీక్షించి, అప్పుడే లోపలికి రానిస్తుంది. దానికి వేరే పెద్ద పరీక్షలున్నాయి, అవి తర్వాత. "ముందు నా నాలుకని మోసం చెయ్యమను" అంటుంది.

నా కాగితం గోడెక్కిన మూడు వారాలకి, ఒక సాయంత్రం అత్త కింద అంతస్తు దర్జీ దగ్గరికి వెళ్ళింది. ప్రయోగశాల తెల్లకోటుకి జేబు చిరిగితే కుట్టమని అంతకుముందే ఇచ్చింది, అది తెచ్చుకోవడానికి. దర్జీకి అరవై ఉంటాయి. అత్తని చెల్లెమ్మా అంటాడు, అత్త అన్నయ్యా అంటుంది. ముందు గదే దుకాణం, వెనక గదే ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర ఇవతల మిషను, అవతల ఆయన భార్య.

ఆ రోజు జేబు వంకరగా ఉంది. ఇరవై ఏళ్ళలో ఆయన చేతి కుట్టు వంకరపోవడం అత్త చూడలేదు.

"ఏంటన్నయ్యా, జేబు కొండెక్కుతోంది?"

"కొత్త ఫ్యాషన్ అనుకో. ఈ బల్బు మార్చాలమ్మా, వెలుతురు చచ్చిపోయింది. సూదికి కన్ను కూడా చిన్నగా చేస్తున్నారు ఈ మధ్య, దొంగ సచ్చినోళ్ళు."

అంటూనే పక్కనున్న చెంబెత్తి గటగటా తాగాడు. తెర వెనక నుంచి ఆవిడ ఇంకో చెంబు పెట్టింది. అదీ సగం ఖాళీ. అత్త ఆ రెండు చెంబుల్నీ చూసింది, బల్బునీ చూసింది. బల్బు బాగానే వెలుగుతోంది.

"దాహం ఎక్కువగా ఉందా?"

"ఆకు వేడి చేస్తుందిగా. అదేలే." ఆయన మొహం వెలిగిపోయింది. "నీకు చెప్పలేదు కదూ! నీ ఆకే తింటున్నా. మాత్రలు మానేసి ఇరవై రోజులు."

అత్త కోటు పక్కన పడేసింది. "నా ఆకేంటి?"

"గోడ మీద వేశారుగా, నీ ఆకుతో షుగర్ తగ్గిందని. మీవాడే రాశాడు. పక్కన ఏదో ఎలుక గిలుక కూడా గీశాడు, వాడి కోతి బుద్ధి వాడిది. పదకొండేళ్ళు మింగా ఆ మాత్రలు. ఒక్కనాడు తగ్గిందా? జ్వరం వస్తే నాలుగు రోజులకి తగ్గుతుంది, దగ్గు వస్తే వారానికి తగ్గుతుంది. ఇది పదకొండేళ్ళు మింగినా ఇంకా మింగమనే అంటారు. నీ ఆకుకి తగ్గిందంటే, మరి నేనెందుకు మింగాలి?"

అప్పుడు ఆమెకి అర్థమైంది, తను భోజనం బల్ల దగ్గర ఎంత తేలిగ్గా ఆ మాట అనేసిందో. మన భాషలో జ్వరం తగ్గిందంటే పోయిందని. షుగర్ తగ్గిందంటే అంకె కిందికి వచ్చిందని. మాట ఒకటే. ఆమె ఒకటి అంది, కింద అంతస్తు ఇంకొకటి వింది. పిల్లవెధవ మధ్యలో ఎలుకల్ని మింగేశాడు. అది వాడి తప్పు. కానీ ఎలుకలున్నా ఈయన ఎలా చదివేవాడు? ఎలుకల జబ్బు నయమైపోయిందనేగా!

"ఆ ఆకు ఏదీ, చూపించండి."

సంచిలోంచి పిడికెడు తీసి ఇచ్చాడు, సంతలో కొన్నాడట. అత్త ఒకటి నమిలింది. "వదినా, కాస్త పంచదార పెట్టు." తెర పక్కకి జరిగింది, చెంచాలో పంచదార వచ్చింది. నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. శుభ్రంగా, నిక్షేపంగా, తియ్యగా.

"అన్నయ్యా, ఇది పొడపత్రే కాదు. ఏదో కంపల్లో ఆకు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తొందరపడింది. దర్జీ ఒక్క క్షణం కంగారుపడి, మరుక్షణం తేలికపడ్డాడు.

"అదా సంగతి! అందుకే గుణం కనపడలా. అయితే అసలుది నువ్వే పట్రా చెల్లెమ్మా. నీ దగ్గర గంపలకొద్దీ ఉంటుందిగా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ చేతులు కాలుతుంటే మనిషి ఇంకో ఆకు అడుగుతున్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది అత్త పరిస్థితి. ఇటు లాగినా ఆకే, అటు లాగినా ఆకే. ఇవ్వనంటే దాచుకుంటోందని అనుకుంటాడు. ఇది మంచిది కాదంటే, మంచిదేదో ఇమ్మంటాడు.

ఆమె సంచిలో ఎలుకలకి వాడే షుగర్ మీటరు ఉంది, బ్యాటరీ మార్చడానికి తెచ్చింది. కొత్త సూది, కొత్త పట్టీ తీసింది.

"ఎలుకల మిషనుతో నన్ను చూస్తావా?"

"మనుషులదే అన్నయ్యా. ఎలుకలే అరువు తెచ్చుకున్నాయి. వేలు పెట్టండి."

నాలుగు వందల పన్నెండు.

తెర వెనక మనిషికి అంకెలు తెలియకపోయినా అత్త మొహం చదవడం తెలుసు. బయటికి వచ్చేసింది. "కాలు చూపించండి" అంది ఆయనతో.

"కాలుకేమైంది? నోర్ముయ్."

"మిషను తొక్కీ తొక్కీ బొటనవేలి కింద పుండు పడింది, వదినా. పదిరోజులైంది. మానట్లా. గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు" అంది ఆవిడ అత్తతో.

అత్త కింద కూర్చుని గుడ్డ విప్పింది. పుండు అంచులు నల్లబడుతున్నాయి. ఆమె అత్తగారి పాదం ఇలాగే మొదలైంది. ఆ సంగతి ఆమె పైకి అనలేదు.

"ఇప్పుడే ఆసుపత్రికి పోదాం. లేవండి."

"రేపు చూద్దాం."

"రేపు కాదు."

"అక్కడికెళితే మళ్ళీ అవే మాత్రలు. ఇంకా మాట్లాడితే ఇంజెక్షను. నాకొద్దు. నువ్వు ఆకు పట్రా, వారం తిని అప్పుడు చూపించుకుంటా. నీ మాట మీద నమ్మకం చెల్లెమ్మా, వాళ్ళ మీద లేదు."

అదే వచ్చిన చిక్కు. ఆయన ఆమెని నమ్మాడు కాబట్టే ఆమె మాట వినడం లేదు.

అత్త మూడంతస్తులూ ఎక్కింది. దారిలో అట్ట మీద ఇంకా వేలాడుతున్న నా పాత కాగితం చింపింది. మెట్ల మీదే దొరికాను నేను.

"ఎలుకలేవి రా?"

"బొమ్మ వేశాను కదత్తా..."

"నీ బొమ్మ తగలెయ్య." అంతే. ఎలుకల లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని మళ్ళీ దిగింది. ఆ తర్వాత జరిగింది నేను తెర పక్కన నిలబడి విన్నాను. ఎవరూ నన్ను రమ్మనలేదు, పొమ్మనే తీరికా ఎవరికీ లేదు.

పుస్తకం మిషను మీద పరిచి, అత్త వేలు పెట్టి చూపించింది. ఎలుకలకి మందిచ్చి షుగర్ తెప్పిస్తారు. కొన్నిటికి ఏమీ ఇవ్వరు, కొన్నిటికి ఆకు జిగురు, కొన్నిటికి డాక్టర్లు రాసే మాత్ర. "ఆకు తిన్నవి నాలుగు వందల ఐదు నుంచి మూడు వందల పద్దెనిమిదికి వచ్చాయి. నాలుగు వారాలకి."

"చూశావా, తగ్గింది!"

"మాత్ర వేసుకున్నవి నూట తొంభైకి వచ్చాయి."

"సరే, అదీ తగ్గింది, ఇదీ తగ్గింది."

అత్త పుస్తకం మూసేసింది. ఇరవై ఏళ్ళ రాత, ఒక మనిషిని కుర్చీలోంచి లేపలేకపోయింది. చుట్టూ చూసింది. కొక్కేనికి ఒక చొక్కా వేలాడుతోంది, మార్పుకి వచ్చింది, సుద్ద గీతలతో.

"ఇది ఎంత?"

"ఛాతీ నలభై ఆరు. అన్న చొక్కా తమ్ముడికి వచ్చింది. వాడు ముప్పై ఆరు. పుల్లలాంటోడు."

"దీన్ని నలభై నాలుగు చేయండి. తగ్గిందా?"

"తగ్గింది."

"మడతపెట్టి ఇచ్చేయండి మరి. తగ్గిందిగా!"

దర్జీ చొక్కా అంచు పట్టుకుని సుద్ద గీత చూశాడు. ఆ మాట ఆయన రోజుకి ఇరవైసార్లు అనే మాట. నడుము తగ్గించాలా, పొడవు తగ్గించాలా. తగ్గించడం వేరు, సరిపోవడం వేరని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఇస్తే మొహాన కొట్టి పోతాడు," అన్నాడు మెల్లగా.

"నా ఆకు అంతవరకే కుట్టింది అన్నయ్యా. అదీ ఎలుక కొలతకి. మీ కొలత నేనింకా తీయనే లేదు."

ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసి అర చుట్టు తిప్పాడు. తర్వాత అడిగాడు, "ఆ మూడు వందల పద్దెనిమిదికి వచ్చిన ఎలుకలు ఇప్పుడెలా ఉన్నాయి?"

అత్త అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "లేవు."

"షుగర్‌తోనే పోయాయా?"

"కాదు. నాలుగు వారాలయ్యాక మేమే చంపి, లోపల చూస్తాం. కాలేయం అవీ."

దర్జీ భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దర్జీ మాత్రం అత్త వంక అలాగే చూసి, ఉన్నట్టుండి నవ్వాడు, పొట్ట కదిలేలా.

"అంటే నీ దగ్గర తగ్గినోళ్ళలో ఒక్కడు కూడా మిగల్లేదన్నమాట!"

"ఒక్కడూ లేడు."

"ఏమేవ్, చెప్పులు పట్రా."

ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. ఇంజెక్షన్లతో అంకెలు దిగాయి, పుండు శుభ్రం చేశారు. ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు అన్నాడు. వేలు దక్కింది, గోరు పోయింది. చూపు చాలావరకు తేరుకుంది గానీ, సూదిలో దారం ఇప్పటికీ భార్యే ఎక్కించాలి. రోజూ మాత్రలు, పొద్దున్నే ఇంజెక్షను. ఇంజెక్షను తనే పొడుచుకుంటాడు. "ఇన్నేళ్ళు గుడ్డకి పొడిచా, ఇప్పుడు నాకు" అంటాడు.

అత్త అన్ని రోజులూ పని అయ్యాక ఆసుపత్రికే వెళ్ళింది. ఒకరోజు ఆయన అడిగాడు, "పనికిరాని ఆకుతో నీకెందుకమ్మా ఈ తిప్పలు?"

"పనికిరాదని నేననలేదే. ఇంకా తెలీదన్నాను. ఆ కొంచెం ఎందుకు దిగిందో తెలిస్తే, రేపు ఎవరో ఇంకాస్త దింపుతారు."

"నీ జీవితంలో తెలుస్తుందా?"

"ఏమో. ఎలుకలు తొందరగానే పోతాయి. నేను నెమ్మది."

ఆయన నవ్వాడు. ఇంటికొచ్చే బస్సులో ఆమె నవ్వలేదు. ఎంతమందికి చెప్పి ఉంటుంది ఆ మాట, ఎన్నిసార్లు? కాలేజీ వార్షికోత్సవంలో ఒకసారి, బంధువుల ఇళ్ళల్లో, ఒకసారి విలేకరి ఎవరో అడిగితే. వాళ్ళలో ఎవరు ఏ ఆకు నములుతున్నారో కనుక్కోవడానికి ఏ మీటరూ లేదు. ఆ సంగతి ఇప్పటికీ ఆమెకి నిద్రలో సూదిలా తగులుతుందని మామయ్య చెప్పాడు.

మర్నాటి నుంచి ఆమె గదుల్లో 'తగ్గింది' నిషేధం. అంకె 'దిగింది' అనాలి. ఎంత నుంచి ఎంతకో, ఏ జంతువుకో, ఎన్ని రోజులకో కూడా అనాలి. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "అదంతా సరేనమ్మా, తగ్గిందా లేదా ఒక్కముక్కలో చెప్పు" అన్నాడట. "ఒక్కముక్కలో చెబితే ఒక మనిషి ఆసుపత్రి పాలయ్యాడండీ. కూర్చోండి, పది ముక్కల్లో చెబుతాను" అందట. ఆయన కూర్చున్నాడట.

మెట్ల పత్రికలో ఆరు వారాలు వరసగా నాతో ఒకే కాగితం వేయించింది. బొమ్మల్లేవు, చతుర్లు లేవు. పొడపత్రి ఎలుకలకి ఇచ్చి చూశారనీ, ఎంత దిగిందో, మాత్రకి ఎంత దిగిందో, ఎవరూ ఏ మాత్రా తమంతట తాము మానొద్దనీ. మామయ్య ఈసారి ప్రతి అక్షరం రెండుసార్లు దిద్దాడు. నాలుగో అంతస్తు వాళ్ళు పత్రిక చప్పబడిపోయిందన్నారు. ఏడో వారం గొడుగు వార్త తిరిగి వచ్చింది.

ఇదంతా రాసి అత్తకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండుచోట్ల అంకెలు సరిచేసింది. 'కొత్త గాజులు చూసుకున్నట్టు' దగ్గర ఆగి, నా మొహం చూసి, మళ్ళీ చదివింది.

"ఎలా ఉందత్తా? బయట వేయొచ్చా? ఈసారి ఒక్క ఎలుకనీ వదల్లేదు."

కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"వేసుకో. కాకపోతే ముందు కిందికెళ్ళి అన్నయ్యకి చదివి వినిపించు. ఆయన చేతిలో కత్తెర ఉన్నప్పుడు."